రమణకు, బంగాళాఖాతం ఊపిరి గురించి

పెదవాల్తేరు,
విశాఖపట్నం

ఒరే రమణా,

నీ ఉత్తరం చేరింది. చెల్లాయికి మోకాళ్ల నొప్పి తగ్గిందని రాశావు, ఇంట్లో అందరం సంతోషించాం. హ్యూస్టన్ చలి ఆవిడకి పడుతోందో లేదో ఈసారి విడిగా రాయి.

ఇక నీ ప్రశ్న. సముద్రం లోతుల్లో ఆక్సిజన్ తగ్గిపోతోందని ఎక్కడో చదివావు. అది వేడికి కరగక తగ్గిందా, లోపల ఎవరో పీల్చేస్తే తగ్గిందా, పైనుంచి కొత్తది అందక తగ్గిందా, మీకెలా తెలుస్తుందని అడిగావు. ఉద్యోగమంతా స్టీల్ ప్లాంట్ ఆక్సిజన్ విభాగంలో చేసినవాడివి కదా, అసలు చోటే పట్టుకున్నావు. 1960 నుంచి ప్రపంచ సముద్రాల్లో ఆక్సిజన్ దాదాపు 2 శాతం తగ్గిందని 2017లో లెక్క తేల్చారు. ఎంత తగ్గిందో చెప్పడం కంటే ఎలా తగ్గిందో చెప్పడం చాలా కష్టం.

మన తీరం నుంచి తూర్పుగా వెళ్లి, లోతు తక్కువగా ఉండే షెల్ఫ్ అంచు దాటాక, పై నీటిలో లీటరుకు సుమారు 200 మైక్రోమోళ్ల ఆక్సిజన్ ఉంటుంది. నూటయాభై మీటర్లు దిగేసరికి అది దాదాపు అడుగంటుతుంది. అక్కడినుంచి ఆరేడు వందల మీటర్ల దాకా అదే పరిస్థితి. ఇంకా కిందికి పోతే మళ్లీ మెల్లగా పెరుగుతుంది. పరిశోధన నౌక సాగర్ కన్య మీద పనిచేసిన రోజుల్లో ఈ నీళ్లు నా చేతుల మీదుగానే సీసాల్లోకి వెళ్లేవి. మేం వాడిన వింక్లర్ పద్ధతి 1888 నాటిది. మాంగనీస్ క్లోరైడూ, క్షారంలో కలిపిన అయొడైడూ వేస్తే పై నీటిలో ముదురు గోధుమరంగు మడ్డి దిగుతుంది. మూడు వందల మీటర్ల నీటిలో తెల్లగానే ఉండిపోతుంది. ఆ తెలుపు చూసినప్పుడల్లా నాకు కడుపులో ఏదోలా ఉండేది.

ఎందుకిలా అంటే కారణాలు చాలావరకు తెలిసినవే. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదులు తెచ్చి పోసే మంచినీరు పాల మీద మీగడలా ఉప్పునీటి పైన నిలిచిపోతుంది. గాలులు దాన్ని కిందికి కలపలేవు. పైన పెరిగిన నాచు చచ్చి కిందికి రాలుతుంటే సూక్ష్మజీవులు దాన్ని తింటూ, ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ పీల్చేస్తాయి. ఉత్తరాన భూమి అడ్డం, కొత్త నీరు దక్షిణం నుంచే నెమ్మదిగా రావాలి.

కానీ ఏ కారణం వాటా ఎంత? వింక్లర్ సీసా అది చెప్పదు. ఇక్కడే నీ పాత శత్రువు మాకు చుట్టమవుతుంది. ఆర్గాన్ సంగతిరా! ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆర్గాన్ మైనస్ 186 దగ్గర. ఆ మూడు డిగ్రీల తేడాతో రెండిటినీ విడదీయడానికి మీరు పడ్డ పాట్లు ఎన్నిసార్లు చెప్పావో. నీటిలో కరిగే తీరులో కూడా ఆ రెండూ దాదాపు ఒకటే. నీరు వేడెక్కితే రెండూ కలిసే తగ్గుతాయి. అయితే ఆర్గాన్‌తో ఏ జీవికీ పనిలేదు. ఆర్గాన్ సరిగ్గా ఉండి ఆక్సిజన్ మాత్రమే పడిపోతే, అది పీల్చేసిన ఆక్సిజనే. వేడి వాటా, ఊపిరి వాటా అలా విడివడతాయి.

ఇక ఐసోటోపులు. ఆక్సిజన్ పరమాణువుల్లో దాదాపు అన్నీ 16 భారం ఉన్నవే, వెయ్యికి రెండు మాత్రం 18 భారం ఉన్నవి. ఊపిరి పీల్చే జీవులు తేలికవాటినే కాస్త ఎక్కువగా వాడుకుంటాయి, బరువైనవి వెనక మిగిలిపోతాయి. ఈ తేడా నీటిలో వెయ్యికి 18 నుంచి 20 దాకా ఉంటుంది. బయటితో సంబంధం లేని నీటిలో పది వంతుల్లో తొమ్మిది వంతుల ఆక్సిజన్ ఖర్చయితే, మిగిలిన దానిలో బరువు నిష్పత్తి వెయ్యికి 40 దాకా పెరగాలి. నిజమైన సముద్రంలో అంత పెరగదు. పక్కనుంచి కొత్త నీరు వచ్చి కలిసి ఆ గుర్తును చెరుపుతుంది. ఎంత చెరిగిందో చూసి, ఎంత నీరు వచ్చి కలిసిందో రాబట్టవచ్చు. నీ మూడో ప్రశ్నకు జవాబు అక్కడుంది.

అడుగు బురద తీరు వేరు. బురదలోకి ఇంకిన ఆక్సిజన్ తేలికదైనా బరువైనదైనా మొత్తం ఖర్చయిపోతుంది కాబట్టి బురద మీది నీటిలో బరువు గుర్తు పెద్దగా మిగలదు. అంటే ఆక్సిజన్ నీటిలో పోయిందా, అడుగు మట్టిలో పోయిందా అన్నది కూడా మిగిలిన ఆక్సిజన్ బరువే చెబుతుంది. 1976లో క్రూప్‌నిక్, క్రెయిగ్ అనే శాస్త్రవేత్తలు లోతు సముద్రపు ఆక్సిజన్‌ని ఇలా తూచి చూపారు. అంతకు ముందు, యాభైలలో, సముద్రశాస్త్రవేత్త లాఫాండ్ మన ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి వాల్తేరు తీరంలో లోతునీరు ఎప్పుడు పైకి లేస్తుందో చూశాడు. ఇక్కడి సముద్రశాస్త్రానికి పునాది పడింది అప్పుడే.

చిక్కల్లా ఆక్సిజన్ మరీ అడుగంటిన చోట. తూచడానికే ఏమీ మిగలదు. అప్పుడు నైట్రోజన్‌ని ఆశ్రయించాలి. ఆక్సిజన్ దొరకని సూక్ష్మజీవులు నైట్రేట్‌ని, నైట్రైట్‌ని వాడుకుని నైట్రోజన్ వాయువుగా వదిలేస్తాయి. సముద్రానికి ఎరువైనది అలా గాలిలో కలిసిపోతుంది. అరేబియా సముద్రంలో ఇది భారీగా జరుగుతోంది. మన బంగాళాఖాతంలో ఆక్సిజన్ దాదాపు అంతే తక్కువైనా, అక్కడిలాగా లోతుల్లో నైట్రైట్ పేరుకోదు. ఎందుకన్నది చాలా ఏళ్లు తేలలేదు.

2014 మొదట్లో సాగర్ కన్య మీద శాస్త్రవేత్తలు లారా బ్రిస్టో, డాన్ కాన్‌ఫీల్డ్, గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ (ఎన్‌ఐఓ) నుంచి నఖ్వీ, ఇంకా చాలామంది కలిసి దీన్ని పట్టుకున్నారు. 15 భారం ఉన్న నైట్రోజన్ ప్రకృతిలో వెయ్యికి నాలుగు కూడా ఉండదు. దాన్ని కావాలని ఎక్కించిన లవణాన్ని సముద్రపు నీటిలో కలిపి, గాలి చొరబడకుండా మూసి, పుట్టిన నైట్రోజన్ ఏ భారంతో ఉందో చూశారు. ఆ పనిలో గాలి ఒక్క బుడగ దూరినా అంతా వృథా, గాలిలో 78 శాతం నైట్రోజనే కదా. మామూలు పరికరాలకు సున్నాగా కనిపించే చోట వాళ్ల సెన్సర్లు పదుల నుంచి రెండు వందల నానోమోళ్ల దాకా ఆక్సిజన్ చూపించాయి. ఆ లవలేశమే నైట్రైట్‌ని తిరిగి నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులను బతికిస్తోంది. నైట్రైట్ చేతికి అందక, ఎరువును గాలికి వదిలే జీవులు మందగిస్తున్నాయి. 2017లో నేచర్ జియోసైన్స్‌లో అచ్చయిన ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన సముద్రం అటువైపు ఒరిగిపోకుండా నిలబడింది ఇంత సన్నటి ఆధారం మీదా అని!

పత్రికలు బంగాళాఖాతపు ఈ లోతుల్ని మృత ప్రాంతం అని రాస్తాయి. నాకది నచ్చదు. చచ్చినదానికి జాగ్రత్త అక్కర్లేదు. ఇది బతికే ఉంది. నదులు తెచ్చే ఎరువుల మోత పెరిగినా, పై నీరు ఇంకా వేడెక్కినా ఆ కొద్ది ఆక్సిజన్ పోతుంది. పోతే అరేబియా సముద్రంలో జరిగేదే ఇక్కడా మొదలవుతుంది. నైట్రస్ ఆక్సైడ్ కూడా పెరగవచ్చు. బొగ్గుపులుసు వాయువుతో పోలిస్తే అది బరువుకు బరువు 270 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది.

ప్లాంట్ నుంచి గొట్టం వేసి ఆక్సిజన్ పంపితే పోలా అని రాశావు. లెక్క కట్టాను. ఒక్క చదరపు కిలోమీటరు, ఐదు వందల మీటర్ల మందం నీటిలో లీటరుకు పది మైక్రోమోళ్లు పెంచాలంటే 160 టన్నులు కావాలి. 2021 ఏప్రిల్ 22న మీ ప్లాంట్ నుంచి మహారాష్ట్రకు కదిలిన మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ గుర్తుందిగా, ఏడు ట్యాంకర్లు, సుమారు వంద టన్నులు. అప్పుడు నువ్వు ఇంటికి రాకుండా పనిచేశావు. ఆ రైలు మొత్తం తెచ్చి పోసినా ఒక చదరపు కిలోమీటరుకు చాలదు. బంగాళాఖాతం వైశాల్యం 20 లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు.

అయినా సముద్రం తనంతట తానే కొంత పంపుకుంటోంది. సవ్యదిశలో తిరిగే పెద్ద సుడులు పై నీటిని కిందికి నెట్టి ఆక్సిజన్ చేరవేస్తున్నాయని 2018లో మన లాసన్స్‌బే కాలనీలోని ఎన్‌ఐఓ కేంద్రం నుంచి వి.వి.ఎస్.ఎస్. శర్మ, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి ఉదయ భాస్కర్ చూపించారు. తేలుతూ మునుగుతూ తిరిగే ఆర్గో పరికరాలతో పట్టుకున్నారు. ఒక సుడిని అది పుట్టిన దగ్గర్నుంచి సమసిపోయే దాకా వెంబడించి, ఆర్గాన్, 18 భారపు ఆక్సిజన్ రెండూ తూచాలని నా కోరిక. అప్పుడు పైనుంచి వచ్చినదెంతో, లోపల ఖర్చయినదెంతో ఒకే నీటిలో కనబడుతుంది. నాకిక ఓడెక్కే వయసు లేదు, కానీ డిపార్ట్‌మెంట్‌లో పిల్లలున్నారు, వాళ్లకి చెబుతున్నాను.

వాళ్లకోసమే నీకో పని. మీ ఆర్గాన్ కాలమ్‌లో ఆక్సిజన్ ఎంత మిగిలితే ఎలా కనిపెట్టేవారో, శాంపిల్ తీసేటప్పుడు గాలి దూరకుండా ఏం చేసేవారో వివరంగా రాసి పంపు. బొమ్మ కూడా గీయి. అంకెలు గుర్తున్నవి వదలకుండా రాయి.

నీ
శ్రీనివాస్