బలరామ్ పేరు

16 ఫిబ్రవరి 2023, సూర్యాపేట

రాత్రి వార్తల చివర్లో చిన్న ముక్క: తులసీదాస్ బలరామ్ కోల్‌కతాలో కన్నుమూశారు. 86 ఏళ్ళు. కంచం ముందు నుంచి లేచి టీవీ సౌండు పెంచేలోగా వాతావరణం మొదలైంది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పెరిగిన పిల్లవాడు. 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్, రెండు ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. మన దేశం ఫుట్‌బాల్‌లో ఒలింపిక్స్ సెమీస్ దాకా వెళ్ళింది ఒక్క మెల్‌బోర్న్‌లోనే. అన్నం మళ్ళీ ముట్టబుద్ధి కాలేదు.

17 ఫిబ్రవరి

ప్రార్థన అయ్యాక పిల్లలను అడిగాను. మెస్సీ అంటే అన్ని చేతులూ లేచాయి. బలరామ్ అంటే ఒక్కటీ లేవలేదు. తప్పు వాళ్ళది కాదు. ఇన్నేళ్ళుగా పీఈటీగా ఉండి నేనెప్పుడు చెప్పాను గనుక?

సాయంత్రం బంతికి గాలి కొట్టాం. ఏడో తరగతి పిల్ల పంపు పిన్నును నాలుక మీద తడిపి, రంధ్రంలోకి మెల్లగా తిప్పుతూ దించింది. వాల్వు చిరగకుండా ఎట్లా దించాలో ఆ వేళ్ళకు తెలుసు. ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది.

18 ఫిబ్రవరి, కోదాడ

శివరాత్రి. బస్టాండు నిండా మేళ్ళచెరువు జాతరకు పోయే జనం. బలరామ్ గురువు రహీం సాబ్, ఆయన పోలీసు జట్టు సంగతి ఎత్తితే మా బావ ఆశ్చర్యపోయాడు.

"పోలీసోళ్ళు ఫుట్‌బాల్ ఆడిండ్రా?"

"ఆడుడేంది బావా! 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు ఇంకొకరిని ముట్టనియ్యలే."

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును అట్లా తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. డ్రిబ్లింగ్ చెయ్యకుండా ఆడే పోటీలు పెట్టేవారు, వాటం లేని కాలితోనే ఆడించేవారు. బలరామ్‌ను తీర్చిదిద్దింది కూడా ఆయనే. పాఠం చెప్పడమంటే ఇదీ.

20 ఫిబ్రవరి, మిర్యాలగూడ

రైసు మిల్లు వెనక, వడ్లు ఆరబోసే గచ్చు మీద బెంగాల్ నుంచి పనికొచ్చిన కుర్రాళ్ళు ఆడుతున్నారు. ఒట్టికాళ్ళు, ఊకదుమ్ము. గోలుకు గుర్తు రెండు గన్నీ సంచులు. ఒకతను హుగ్లీ జిల్లావాడు. బలరామ్ పోయారంటే బంతి ఆపి నిలబడ్డాడు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఆడిన బలరామ్ గురించి వాళ్ళ తాత చెప్పేవాడట. బలరామ్ చివరిదాకా ఉన్నది ఆ జిల్లాలోని ఉత్తరపాడలోనే. మనవాడి కథ నేను వాళ్ళ నోట విన్నాను. సంతోషమూ కలిగింది, బాధా కలిగింది.

21 ఫిబ్రవరి, సూర్యాపేట

1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. ఆ స్వర్ణం జట్టులో బలరామ్ ఉన్నాడు, శిక్షకుడు రహీం. మరుసటి ఏడు జూన్‌లో క్యాన్సర్ రహీం సాబ్‌ను తీసుకుపోయింది. ఆ ఏడే ఊపిరితిత్తుల జబ్బు బలరామ్ ఆటను ఆపేసింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరామ్, ముగ్గురి పేర్లూ ఒక్క ఊపిరిలో చెప్పేవారు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు 1962లో అర్జున దక్కింది, పద్మశ్రీ మాత్రం రాలేదు. ఇది అన్యాయమే.

రేపు బడి బోర్డు మీద రాయవలసింది: రోమ్‌లో భారత్ కొట్టిన గోల్స్ 3. అందులో 2 బలరామ్‌వి. హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి.