పాత చిరునామా



మా సంఘ కార్యాలయములోని కంప్యూటరు డెబియన్ లైనక్సుతో పనిచేయుచున్నది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్సు పద్ధతిని అనుసరించి, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ వ్రాయ మొదలుపెట్టినదే లైనక్సు. దానికి వెల చెల్లించనక్కరలేదు. మావంటి పల్లె సంఘమునకు అది పెద్ద మేలు.

గత వేసవిలో దాని డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేయసాగినది. మా గుండె జారిపోయినది. చెదలు తినగా మిగిలిన పాత రిజిస్టర్లలోని బాప్తిస్మముల, వివాహముల వివరములన్నీ అందులోనే ఎక్కించియున్నాము. వేరొక ప్రతి ఉంచుకొనలేదు. ఆ తప్పు మాదే. పైగా ఒక విధవరాలు పింఛను కాగితముల కొరకు తన వివాహ ధ్రువపత్రము ఆ వారమే అడిగియున్నది.

క్రొత్త డిస్కు కొని తెచ్చాము. పెన్‌డ్రైవ్‌లోని డెబియన్‌తో కంప్యూటరును నడిపి, ముందుగా రికార్డులను వేరొక పెన్‌డ్రైవ్‌లోనికి తీశాము. తరువాత క్రొత్త డిస్కును రెండు భాగములు చేశాము: ఒకటి వ్యవస్థకు, మరొకటి మా ఫైళ్లుండు హోమ్‌కు. ఆర్‌సింక్ అను ఆజ్ఞతో సమస్తమును నకలు చేశాము. అది ఏ ఫైలు ఎవరిదో, దాని తేదీ ఏదో చెడకుండ మోసుకొనిపోవును. కంప్యూటరును మేల్కొలుపు గ్రబ్‌ను కూడ క్రొత్త డిస్కులో స్థాపించాము. పాత డిస్కును ఊడదీసి మీట నొక్కాము.

తొంభై సెకన్లు ఎదురుచూచి, ఎమర్జెన్సీ మోడ్ అని చూపి ఆగిపోయినది!

విచారముగా ఇంటికి పోయి సంగతి చెప్పగా మా సతీమణి నవ్వి, "ఏమండీ, మనకు బదిలీ అయినప్పుడు సామానంతా లారీలో తెచ్చారు, బ్యాంకులో చిరునామా మార్చుట మరచారు. ఉత్తరములన్నీ పాత ఊరికే పోలేదా?" అన్నది.

అదే జరిగినది. డిస్కులో ప్రతి భాగమునకు యుయుఐడి అను ఒక సంఖ్య ఉండును. క్రొత్తగా సిద్ధపరచిన భాగమునకు క్రొత్త సంఖ్య వచ్చును. వేటిని ఎక్కడ తగిలించవలెనో చెప్పు ఎఫ్‌స్టాబ్ అను ఫైలులో పాత సంఖ్యలే ఉండిపోయినవి. కంప్యూటరు లేని డిస్కు కొరకు వెదకుచున్నది. బి.ఎల్.కె.ఐడి అను ఆజ్ఞతో క్రొత్త సంఖ్యలు తెలిసికొని దిద్దగా, చక్కగా లేచినది. మరునాడే ఆ సహోదరికి పత్రము ఇచ్చాము.

పాత డిస్కును పారవేయక బీరువాలో దాచాము. ఇప్పుడు నెలనెలా ఒక ప్రతి కోశాధికారిగారి ఇంట ఉంచుచున్నాము. చదువరులారా, మీ ఇంటి ముఖ్యమైన కాగితములకు రెండవ ప్రతి ఉన్నదా? నేడే చూచుకొనుడి.