గ్లాసెడు పాలు

ప్రేమతో నిచ్చిన పాలును ప్రాణముమీదికి తెచ్చునని మేము స్వానుభవమున నెఱిగితిమి. సిగ్గు విడిచి యా సంగతి విన్నవించుచున్నారము.

మా మఱది పటాన్‌చెరువున నొక కర్మాగారమున పని చేయుచున్నాడు. నిరుడొక రాత్రి పని ముగించి సంగారెడ్డికి వచ్చుచు, మోటారు సైకిలు జాఱి పడగా దవడయెముక విఱిగెను. మత్తిచ్చి, లోహపు పలకలతో నెముక నతుకవలెననియు, ముందునాటి రాత్రినుండి యేమియు తినరాదనియు దవాఖానలో చెప్పిరి. తెల్లవాఱగనే "బిడ్డ కడుపు మాడుచున్నది" యని మా యత్తగారు కన్నీరు పెట్టుకొనిరి. మేము నర్సు కనులు గప్పి గ్లాసెడు పాలు త్రాగించితిమి. కడుపున నేమైన పడినదా యని యడుగగా లేదంటిమి. బడిపంతులుగారి యిల్లాలమయ్యు నసత్యమాడితిమి!

మత్తునిచ్చు వేళనే యా పాలు పైకి వచ్చి యూపిరితిత్తులలోనికి జాఱెను. శస్త్రచికిత్స యాగిపోయెను. వైద్యుడు మరల నడిగినప్పుడు సత్యము చెప్పితిమి. ఒక్క యసత్యమునకు ధర్మరాజు రథమే నేలకు దిగెను, మేమెంతవారము? తొమ్మిది దినములు మఱది ప్రాణవాయువు సాయముతో నుండెను.

కారణమేమనగా, మత్తులో మింగుట, దగ్గుట యను సహజరక్షణములు నిద్రించును. అప్పుడు కడుపులోని యాహారము పుల్లని జఠరరసముతో గూడి శ్వాసనాళమున పడి, యూపిరితిత్తులను కాల్చును. 1946లో మెండెల్సన్ అను వైద్యుడు ప్రసవవేళ మత్తు గొన్న స్త్రీల విషయమున దీనిని వివరించెను. నోటి శస్త్రచికిత్సలో నెత్తురును, లాలాజలమును నా త్రోవనే పోవచ్చును. అందుచే ముక్కుగుండ శ్వాసకు గొట్టమమర్చి, గొంతున గుడ్డచుట్ట నుంచి, పిదప మఱవక తీయుదురు. మెలకువ వచ్చినపిదప నొప్పికి జడిసి పైపైన నూపిరి తీసినచో, తిత్తుల యడుగుభాగములు ముడుచుకొని, కఫము నిలిచి జ్వరము వచ్చును. కావున రోగిని కూర్చుండబెట్టి దీర్ఘశ్వాస తీయింపవలెను. చుట్ట, బీడీలను కొన్ని వారములు ముందుగనే మాన్పింపవలెను.

మన హైదరాబాదుననే 1888, 1889 సంవత్సరములలో ఆఱవ నిజాము ధనసాయముతో డాక్టరు లారీ క్లోరోఫారమును పరీక్షించి, శ్వాసను కనిపెట్టుటయే ముఖ్యమని వాదించెను. ఆ మందు గుండెను సైతము నిలుపగలదని తరువాత తేలినను, శ్వాసను కనిపెట్టుమను మాట వ్యర్థము కాలేదు. ఆ కృషిలో పాల్గొన్న రూపాబాయి ఫర్దూన్‌జీ లోకమున మత్తు నిచ్చిన తొలి మహిళావైద్యులలో నొకరు. ఆమె పుట్టిన జాతివారమైన మనము శ్వాస విలువ యెఱుగకుండుట తగునా?

సామాన్యముగ పాలు, తేలిక యాహారము ఆఱు గంటలు, మంచినీరు రెండు గంటలు ముందు మానవలెను. వైద్యుని మాటయే ప్రమాణము. పొరపాటున గుక్కెడు త్రాగినను దాచకుడు. శస్త్రచికిత్స మఱునాటికి వాయిదా పడును, అంతియే.

పిదప దవడ యతికినది. మఱది పనికి పోవుచున్నాడు. "వదినా! త్రాగినవాడను నేనే గదా" యని మమ్మూరడించును. అతడు దగ్గినప్పుడెల్ల మా గుండె మాత్ర మిప్పటికిని జల్లుమనుచుండును.