నేతవాళ్ళు విన్న పునరుత్థానం

భివండీ పద్మనగర్‌లో ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆ కబురు చెప్పడానికి మనిషి రానక్కర్లేదు. ఘంటసాల భగవద్గీత వినిపిస్తే చాలు. పొద్దున్నే ఆ గొంతు సందులోకి వచ్చిందంటే సాంచాల మీదికి పోయేవాళ్ళు ఆగి, ‘ఎవరింట్ల?’ అని అడుగుతారు. 1974లో ఘంటసాల పోయిన తర్వాత బయటికొచ్చిన ఆ రికార్డు తెలుగువాళ్ళకు చావింటి గుర్తు అవుతుందని ఆయన అనుకొని ఉండడు. క్యాసెట్లు పోయి సెల్‌ఫోన్లు వచ్చినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

గీత రెండో అధ్యాయంలో మన నేతవాళ్ళు చెవి పెట్టి వినే పోలిక ఒకటుంది. చినిగిన బట్ట విడిచి మనిషి కొత్తబట్ట కట్టుకున్నట్టే, ఆత్మ కూడా శిథిలమైన దేహాన్ని విడిచి మరో దేహంలో చేరుతుందట. బట్ట నేసి బతికేవాళ్ళకు బట్టతోనే చెప్పిన ఓదార్పు అది. మా పెద్దలు చావింటికి పోయినప్పుడల్లా ఈ మాటనే తమ భాషలో చెప్పి వచ్చేవారు. దానికి ఎదురు చెప్పినవాడిని నేను ఒక్కణ్ణే చూశాను.

భివండీ సంగతి తెలియని పాఠకుల కోసం ఒక మాట. ఠాణే జిల్లాలోని ఈ ఊరు సాంచాల ఊరు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి చేమగ్గం కూడు పెట్టక వచ్చిన పద్మశాలీలు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మోమిన్ అన్సారీలు, ఇక్కడి మరాఠీలు ఒకే షెడ్డు కింద పని చేస్తారు. సాంచాల చప్పుడులో ఎవరి మతం ఏదో వినపడదు. అది తెలిసేది పండుగనాడు, చావునాడు.

మా వరసలో మెదక్ వైపు నుంచి వచ్చిన ఒక క్రైస్తవ కుటుంబం ఉండేది. ఆయన సాంచా నడిపేవాడు, ఆమె కండెలు చుట్టేది. ఒక ఎండాకాలం ఆమె జబ్బు చేసి పోయింది. రాత్రి వాడవాళ్ళం అందరం ఆ ఇంటి ముందు కూర్చున్నాం. మా పెద్దయ్య, అంటే వరసకు అందరికీ పెద్దయ్యే, ఆయన భుజం మీద చెయ్యేసి ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు.

‘బాధపడకు తమ్మీ. ఆత్మకు సావు లేదు. పాత బట్ట ఇడిసిపెట్టింది, అంతే.’

ఆయన తల ఎత్తి, ‘పెద్దయ్యా, నాకు ఆత్మ గాదు, ఆమె గావాలె. ఆ చేతులు గావాలె. మల్ల లేస్తదని నేను నమ్మేది గా చేతుల్తోనే’ అన్నాడు.

పెద్దయ్య మాట్లాడలేదు. మాలో ఎవరమూ మాట్లాడలేదు. కండెలు చుట్టీ చుట్టీ బొటనవేలి పక్కన కాయ కాచిన ఆ చేతులు మేమందరం ఎరిగినవే.

మర్నాడు ఖననం అయింది. తర్వాత చాలా రోజులు చాయ్ హోటల్ దగ్గర ఇదే ముచ్చట. ‘మన్నులో కలిసిన మనిషి ఎట్ల లేస్తడు?’ అని ఒకరు. ‘కాలి బూడిదైనోళ్ళ సంగతేంది?’ అని ఇంకొకరు. ‘ముసలిగ పోయినోడు ముసలిగనే లేస్తడా?’ అని ఒక కుర్రవాడు నవ్వాడు. ఈ ప్రశ్నలు మా భివండీలో పుట్టినవేమీ కావు. క్రీస్తుశకం 50ల నడుమ పౌలు కొరింథు ఊరి సంఘానికి ఉత్తరం రాసేనాటికే అక్కడివాళ్ళు చచ్చినవాళ్ళు ఎలాంటి శరీరంతో వస్తారని అడిగారు. దానికి ఆయన విత్తనాన్ని చూపించాడు. నాటేది గింజ, మొలిచేది మొక్క. రెండూ ఒకటి కావు, అలాగని వేరూ కావు. బూడిద ప్రశ్నకు కూడా వాళ్ళలో జవాబుంది. కథోలిక సంఘం 1963 నుంచి దహనాన్ని అనుమతిస్తున్నది. దేవుడు లేపదలచుకుంటే మన్ను అయితేనేం, బూడిద అయితేనేం అని వాళ్ళ లెక్క.

మా షెడ్డులోని మోమిన్ జాబరుకు లేవడం అన్న మాట వింత కాలేదు. ఖయామత్ నాడు అందరూ లేస్తారన్నది ఆయన ఇమానులో భాగమే. అయితే ఈసా ప్రవక్త సిలువ మీద చనిపోలేదనీ, అల్లా ఆయనను తన దగ్గరికి ఎత్తుకున్నాడనీ ఖురాను చెబుతుంది కనుక, చనిపోయి మూడోనాడు లేచాడంటే ఆయన ఒప్పుకోడు. కరెంటు పని చేసే మరాఠీ మిత్రుడు అంబేడ్కర్ బాటలో నడిచే బౌద్ధుడు. ఆత్మ అన్నదే లేదన్నాక పాత బట్ట ఎక్కడిది, కొత్త బట్ట ఎక్కడిది అన్నాడు. ఒకే షెడ్డులో ఇన్ని జవాబులున్నాయని మాకు ఆ చావు జరిగేదాకా తెలియదు.

మా పద్మశాలీల జవాబు వీటన్నిటికంటే సులువైనది. ‘గిదేం కొత్త? మాకూ మార్కండేయుడున్నడు గద!’ నిజమే. మన కులానికి మూలపురుషుడు మార్కండేయ మహర్షి. ఆయన కొడుకు భావనా రుషి తామరతూడు దారంతో దేవతలకు బట్ట నేశాడని మన కథ. పదహారేళ్ళకే ఆయువు తీరిన మార్కండేయుడు శివలింగాన్ని వాటేసుకుంటే శివుడు యముణ్ణి తన్ని తరిమాడు. సావిత్రి సత్యవంతుణ్ణి వెనక్కి తెచ్చుకుంది. హరిశ్చంద్ర నాటకం తెల్లవార్లూ చూసినవాళ్ళకు పాము కరిచి పోయిన లోహితాస్యుడు చివరికి లేచి కూర్చోవడం తెలుసు. ఆ నాటకంలో కాటిసీనుకు ప్రాణం పోసిన పద్యాలు జాషువా ‘శ్మశానవాటి’లోవి. ఆ జాషువాయే ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. మన తెలుగులో ఈ రెండు కథలూ ఒకే కలం కింద ఇరుగుపొరుగుగా బతికాయి.

అయినా ‘మాకూ ఉంది’ అనేస్తే ఎదుటివాడి మాట విన్నట్టు కాదు. మార్కండేయుడు చావనే లేదు. సత్యవంతుడూ లోహితాస్యుడూ ఈ బతుకులోకే తిరిగి వచ్చారు. అలాంటివాడు వాళ్ళ గ్రంథంలోనూ ఉన్నాడు. నాలుగు రోజులు సమాధిలో ఉండి లేచిన లాజరు. అతడికి తర్వాత మళ్ళీ చావు తప్పదు. ఏసు లేవడం అలాంటిది కాదని వాళ్ళు అంటారు. చావు తప్పించుకోవడం ఒకటి, చావు నుంచి వెనక్కి రావడం ఒకటి, చావులోంచి నడిచి అవతలికి పోవడం ఒకటి. క్రైస్తవులు చెప్పేది మూడోది. ‘పునరుత్థానం’ అనే పెద్దమాట వినగానే మనం ‘పునర్జన్మ’ అనుకుంటాం. ఆ మాటలు రెండూ ‘పునః’ అనే మొదలవుతాయి గానీ ఒకదానిలో దేహం మారిపోతుంది, రెండోదానిలో ఆ దేహమే లేస్తుంది. మా పొరుగాయన ‘గా చేతులే’ అన్నది అందుకే.

నమ్మనివాళ్ళను చూసి ఆయన కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకోవడానికి వీలు కూడా లేదు. ఆ వార్త మొదట విన్నవాళ్ళే నమ్మలేదు కదా! పొద్దున్నే సమాధి దగ్గరికి పోయిన ఆడవాళ్ళు వచ్చి చెబితే శిష్యులు దాన్ని పిచ్చిమాటల కింద కొట్టేశారని లూకా రాశాడు. మార్కు సువార్త అతి పాత ప్రతులలో ఇంకా విడ్డూరం. ఆ ఆడవాళ్ళు వణికిపోయి పరుగెత్తి ఎవరికీ ఏమీ చెప్పలేదన్నచోట పుస్తకం ఆగిపోతుంది. తోమా గాయాలలో వేలు పెట్టి చూస్తే గాని నమ్మనన్నాడు. ఆ తోమాయే మన దేశానికి వచ్చాడనీ, మద్రాసు మైలాపూరులో ఆయన సమాధి ఉందనీ చెప్పుకుంటారు. ఇక పౌలు ఏథెన్సులో ఈ సంగతి చెబితే కొందరు ఎగతాళి చేశారు, కొందరు మళ్ళీ వింటామన్నారు, ఏ కొందరో వెంట నడిచారు. మా చాయ్ హోటల్‌లోనూ దాదాపు ఇదే లెక్క.

ఆమె పోయిన తర్వాత ఆ ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. పెద్దయ్యా మేమూ వెళ్ళాం. పాస్టరు యోహాను సువార్త చదివాడు. సిలువ దగ్గర సైనికులు ఏసు బట్టలు పంచుకున్నారట. ఆయన అంగీ మాత్రం కుట్టు లేకుండా పైనుంచి కిందిదాకా ఒకటే నేత. చింపడానికి మనసొప్పక చీట్లు వేసుకున్నారట. పెద్దయ్య నా చెవిలో, ‘కుట్టు లేకుండ అంగీ నేసుడంటే మగ్గం ఎట్లుండెనో!’ అన్నాడు. పాస్టరు ఇంకా చదివాడు. సమాధిలో చుట్టిన నారబట్టలు అక్కడే పడి ఉన్నాయి. తలకు కట్టిన రుమాలు వేరేచోట చుట్టిపెట్టి ఉంది. పెద్దయ్య ఈసారి ఏమీ అనలేదు గానీ బయటికి వచ్చాక చాలాసేపు ఆ రుమాలు సంగతే మాట్లాడాడు. దొంగలు ఎత్తుకుపోతే బట్ట చుట్టిపెట్టి పోరు కదా అని ఆయన తర్కం. నమ్మాడని కాదు. బట్ట కనిపించిన చోట నేతవాడి మనసు నిలుస్తుంది.

పౌలు కూడా గుడారాలు చేసి పొట్టపోసుకున్నవాడే. అందుకేనేమో, ఈ సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు ఆయనకూ బట్ట పోలికే తోచింది. అయితే గీతలో లాగా పాతది విడవడం కాదు, ఉన్నదాని మీదనే నశించనిదాన్ని కట్టుకోవడం. గీత మాట ఆత్మను నమ్ముకున్నవాడికి ధైర్యం ఇస్తుంది. పౌలు మాట, పోయిన మనిషి ముఖమూ చేతులూ మరిచిపోలేనివాడికి ధైర్యం ఇస్తుంది. రెండింటిలో ఏది నిజమో తేల్చే తాహతు నాకు లేదు. రెండూ ఒకటే అనడం మాత్రం సరి కాదు.

లేచిన ఏసు ఒంటి మీద గాయాలు మానకుండా ఉన్నాయన్నది నాకు మరీ ఆలోచన కలిగించిన సంగతి. సాంచా మీద పోగు తెగితే ముడి వేస్తాం. ఎంత సన్నగా వేసినా గుడ్డ తడిమి చూసేవాడి వేలికి ఆ ముడి తగులుతుంది. తోమా వేలు వెతికింది అదే. తెగింది తెగనట్టు చేసే మహిమ కాదది. తెగినచోటు గుర్తు ఉంచుకొని నిలిచిన బట్ట.

ఈ నమ్మకం మనవైపు ఎవరిని ముందు పట్టుకుందో చూస్తే ఇంకొక సంగతి తెలుస్తుంది. ధాతు కరువు దాటీ దాటని రోజులలో, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర క్లవ్ దొర సంఘంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. కరువు కూటికోసం వచ్చారన్న మాట పడకూడదని, సాయం పంచినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపివేశాడు. ఊరు తాకనంటూ వెలివేసింది వాళ్ళ ఆత్మలను కాదు, ఒళ్ళను. బావి దగ్గర, గుడి దగ్గర, చావడి దగ్గర ఆపింది ఆ ఒంటినే. అలాంటివాళ్ళకు దేహం విడిచిపెట్టే పాతబట్ట అని చెబితే అందులో ఓదార్పు ఎంత ఉంటుంది? ఈ ఒంటినే దేవుడు చెయ్యి పట్టి లేపుతాడని చెబితే అది వేరే సంగతి. మెదక్‌లో 1924లో ప్రతిష్ఠ జరిగిన పెద్ద చర్చిలో, పీఠం వెనక రంగుటద్దాల కిటికీలో ఏసు ఆకాశానికి ఎక్కిపోతూ ఉంటాడు. మా పొరుగాయన చిన్నప్పుడు ఆ కిటికీ కింద కూర్చున్నవాడు. దేహంతోనే పైకి పోయిన మనిషిని కళ్ళారా చూసి పెరిగినట్టే లెక్క.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సాంచాలు ఆగిపోయాయి. పద్మనగర్‌లో ఉన్నవాళ్ళు చాలామంది దొరికిన బండి ఎక్కి ఊళ్ళకు పోయారు. ఆయనను కూడా కొడుకు పిలిచాడు. ‘ఆమెను ఈడ ఇడిసి ఎట్లొస్త?’ అని పోలేదు. ముంబై చుట్టుపక్కల శ్మశానాలలో చోటు కరువు. కొన్నేళ్ళకు పాత సమాధిని తవ్వి ఇంకొకరికి ఇవ్వడం ఇక్కడ మామూలే. ఆ సంగతి ఆయనకు తెలుసు. తవ్వినా ఆమె ఎక్కడుందో దేవుడు మరిచిపోడని ఆయన నమ్మకం. ఆ తవ్వే రోజు ఎప్పుడొస్తుందోనని మా భయం.

మనవైపు క్రైస్తవులు ఈస్టరునాడు తెల్లవారకముందే సమాధుల దగ్గరికి పోయి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆయన ఇక్కడా అదే చేస్తున్నాడు. మొదటి ఏడు ఒక్కడే పోయాడు. మరుసటి ఏడు పెద్దయ్య లేచి, ‘శీకట్ల ఒక్కనివి ఎట్ల పోతవ్ తమ్మీ’ అంటూ బకెట్టు అందుకున్నాడు. ఇప్పుడు మా వరసలోంచి నలుగురైదుగురం పోతున్నాం. పెద్దయ్య మళ్ళీ లేవడాన్ని నమ్మడు, ఆ మాట దాచుకోడు కూడా. కానీ చావింటికి పోతే పాతబట్ట మాట చెప్పేముందు ఇప్పుడు కాసేపు ఊరకే కూర్చుంటున్నాడు. ఆమె సమాధికి మాత్రం సున్నం రెండు పూతలు వేస్తాడు.