ఒక తడి అంటే ఎంత?

అనంతపురం జిల్లా శింగనమల వైపు వేరుశనగ రైతును వాన పడిందా అని అడిగితే ఊరికే పడిందనడు. విత్తన పదునైందంటాడు, లేదంటే దుమ్మణిగిందంతే అంటాడు. ఆ మాట అనే ముందు చేలో పైమన్ను గీరి, కిందిది గుప్పిట్లో పట్టి నొక్కి చూస్తాడు. ముద్ద నిలిస్తే గొర్రు కడతాడు, పొడిపొడిగా రాలితే ఇంటికొచ్చేస్తాడు. ఏడాదికి అటూఇటుగా 550 మిల్లీమీటర్లు కురిసే జిల్లాలో మాట అంత నిక్కచ్చిగా లేకపోతే విత్తనమే పోతుంది.

2016 ఆగస్టులో ఆ నిక్కచ్చితనం కరువైంది. వాన ముఖం చాటేసి వేరుశనగ వాడిపోతుంటే ప్రభుత్వం రెయిన్‌గన్‌లు దించింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు స్వయంగా జిల్లాకొచ్చారు. ఆలోచన మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. పంటకుంటలోనో బోరులోనో కాసిని నీళ్లుంటే, మోటారు పెట్టి చేనుమీద చిమ్మి గండం గట్టెక్కొచ్చు. దానికి రక్షక తడి అని పేరు. ఇన్ని ఎకరాలకు తడి ఇచ్చాం, పంట కాపాడాం అని అధికారులన్నారు. ఎక్కడ కాపాడారని రైతులు నిలదీశారు.

ఎకరాకు 10 మిల్లీమీటర్ల తడి అంటే సుమారు 40 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. 25 మిల్లీమీటర్లంటే లక్ష లీటర్లు, ఇరవై ట్యాంకర్లు. కాగితం మీద రెండూ ఒక తడే. మొదటిది ఆగస్టు ఎండకు, గాలికి రెండు మూడు రోజుల్లో ఆవిరైపోతుంది. ఆకు తేరుకుంటుంది గానీ గట్టిపడ్డ ఎర్రనేలలోకి కాయ కట్టే ఊడ దిగదు. రెండోది ఊడలు దిగే రోజుల్లో అందితే కాయ కడుతుంది. చెట్టు ఎండాక ఇస్తే అదీ దండగే. కాపాడామంటే ఆకునా, కాయనా? ఆ ప్రశ్న తేలకుండానే వాదులాడుకున్నాం. చివరికి చెడ్డపేరు పరికరానికి వచ్చింది. అది ఏ చేలో పనిచేసిందో, ఏ చేలో ఎందుకు చేయలేదో నేర్చుకునే అవకాశం చేజారింది. నాకు బాధంతా అక్కడే.

పక్కనే బుక్కరాయసముద్రం మండలంలో రేకులకుంట పరిశోధన కేంద్రం ఉంది. మెట్ట పంటల శాస్త్రవేత్తలు మిల్లీమీటర్లలో, పంట దశల్లోనే మాట్లాడతారు. ఆ లెక్క పత్రికా ప్రకటనదాకా ఎందుకు రాకూడదు?

ప్రభుత్వ పంట నమోదు ఇ-క్రాప్‌లో ఏ చేలో ఏ పంటో, ఎంత విస్తీర్ణమో ఎలాగూ రాస్తున్నారు. తడి ఇచ్చిన తేదీ, అప్పటి పంట దశ, పారిన లీటర్లు: ఈ మూడూ చేర్చండి. మరోసారి ఆగస్టు ఎండగడితే రైతూ అధికారీ ఒకే లెక్క ముందు పెట్టుకుని మాట్లాడుకోవచ్చు.