పాత బండిలో టెకాపో దాకా

2023 నవంబరులో మేమిద్దరం న్యూజీలాండ్ దేశంలోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళాము. మనకు చలి మొదలయ్యే ఆ నెల అక్కడ వసంతకాలం. విమానాశ్రయంలో వాడు ఎదురొస్తే మా వారు భుజం తట్టారేగాని మాట్లాడలేదు. కారణం నాకు తెలుసు.

2021లో మా అత్తగారు ప్రభువునందు నిద్రించారు. కరోనా మూలంగా అప్పుడు ఆ దేశపు సరిహద్దులు మూసి ఉన్నాయి. ఇండియాకు వస్తే వాడికి తిరిగి వెళ్ళే దారి లేదు. ఈ సంగతి మా వారికి తెలియనిది కాదు. అయినా, ఎత్తుకుని పెంచిన నాయనమ్మ సమాధిలో వాడు పిడికెడు మన్ను వెయ్యలేదన్న బాధ ఆయన మనసులో గడ్డకట్టిపోయింది. అప్పటినుండి ఫోనులో "బాగున్నావా?" అంటే "బాగున్నాను", అంతే.

మమ్మల్ని ఊళ్ళు తిప్పడానికి వాడు ఒక పాత క్యాంపర్ వ్యాను కొని ఉంచాడు. 1972 నాటి ఫోక్స్‌వ్యాగన్ కోంబి. లోపల మడిచే మంచం, రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్, చిన్న సింకు, అలమర ఉన్నాయి. పైకప్పును పైకి లేపితే నిలబడి వంట చేసుకోవచ్చు. ఈ తరహా వ్యాన్లు 1950లో జర్మనీలో మొదలై, బ్రెజిల్‌లో 2013 వరకు తయారయ్యాయట.

మా వారు 30 ఏళ్ళు బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "రేడియేటర్ ఏదిరా?" అన్నారు. వచ్చాక వాడిని అడిగిన మొదటి మాట అదే!

"దీనికి ఉండదు డాడీ. ఇంజను వెనకాల ఉంది. గాలికే చల్లబడుతుంది."

"అయితే ఎత్తు ఎక్కేటప్పుడు ఆగి ఆగి పోవాలి" అన్నారాయన.

మరునాడు ఉదయం ప్రార్థన చేసుకుని, పులిహోర మూటతో బయలుదేరాము. టెకాపో సరస్సు సుమారు 230 కిలోమీటర్లు. కార్లకు మూడు గంటల దారి. మాకు సాయంత్రం దాకా పట్టింది. అక్కడా మనలాగే ఎడమ వైపు నడుపుతారు. మా వారు ముందు సీట్లో, నేను వెనుక మంచం మీద. వెనుక కార్లు పోగవుతుంటే మావాడు పక్కకు తీసి దారి ఇచ్చేవాడు. రకాయా నది మీది వంతెన ఆ దేశంలోకెల్లా పొడవైనదట, సుమారు 1.75 కిలోమీటర్లు. క్రింద నది ఒక్కటిగా పారదు. గులకరాళ్ళ మధ్య విడిపోయి, కలిసి, జడ అల్లినట్టు పాయలుగా సాగుతుంది.

జెరాల్డిన్, ఫెయిర్లీ ఊళ్ళు దాటి బర్క్స్ పాస్ అనే కనుమ ఎక్కాము. ఎత్తు 709 మీటర్లు. మధ్యలో రెండుసార్లు ఇంజనుకు విశ్రాంతి ఇచ్చాము. కనుమ దాటగానే పచ్చదనం పోయి గోధుమరంగు గడ్డి మైదానం వచ్చింది. దూరాన మంచుకొండలు.

టెకాపో ఇంకా 15 కిలోమీటర్లు ఉందనగా టప్‌మని శబ్దం. యాక్సిలరేటర్ కేబుల్ తెగింది. బయలుదేరే ముందు చూసుకోవలసింది మేమే, చూసుకోలేదు. బండి పక్కకు తీసి మావాడు తల పట్టుకున్నాడు. మా వారు మాత్రం అప్పుడే ఉద్యోగంలోకి వచ్చినట్టు దిగి, వెనుక మూత తెరిపించారు. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతాయి. అందుకని స్క్రూడ్రైవర్ కొడుకు చేతికిచ్చి, "కార్బురేటర్ దగ్గర ఆ స్క్రూ తిప్పు. పెడల్ తొక్కకపోయినా ఇంజను కొంచెం జోరుగా తిరగాలి. రెండో గేరులో నెమ్మదిగా పోదాం" అన్నారు.

వాడు వంగి స్క్రూ తిప్పుతూ, ముఖం చూపకుండానే అన్నాడు: "డాడీ, నాయనమ్మను మట్టిలో పెట్టేటప్పుడు నేను ఫోనులో చూస్తూనే ఉన్నాను. ఇక్కడ రాత్రి పదిన్నర. గదిలో ఒక్కడినే ఉన్నాను."

మా వారు కదలలేదు. "నువ్వు చూశావా? నాకెవరూ చెప్పలేదేరా!"

నా గుండె ఝల్లుమంది. చెప్పవలసింది నేను. ఆ రోజు ఫోను పట్టుకున్నవాడు మా తమ్ముడి కొడుకే. ఆయన దుఃఖంలో ఉన్నారని అప్పుడు చెప్పలేదు. తరువాత ఆ మాట ఎత్తితే కోప్పడతారని జంకాను. నా మౌనం ఇద్దరి మధ్య అంత కాలం గోడగా నిలిచింది. ఆ రోడ్డు పక్కనే ఒప్పుకున్నాను. ఆయన నన్నేమీ అనలేదు. కొడుకు వీపు మీద చెయ్యి వేసి, "ఇంకొంచెం తిప్పు నాయనా" అన్నారు, గొంతు బొంగురుపోగా.

గుడ్డిలైట్లు వెలిగించుకుని, ఎద్దుబండిలా టెకాపో చేరాము. సరస్సు నీరు పాలు కలిపిన నీలంగా ఉంది. కొండలమీది హిమానీనదాలు రాళ్ళను అరగదీస్తే వచ్చే మెత్తని పొడి నీటిలో తేలుతూ ఆ రంగు ఇస్తుందట. ఒడ్డంతా ఊదా, గులాబీ రంగు లూపిన్ పూలు. అక్కడే 1935లో రాళ్ళతో కట్టిన చిన్న మంచి కాపరి ఆలయం ఉంది. బల్ల వెనుక గోడకు పెద్ద కిటికీ. అందులోనుండి సరస్సు, కొండలు కనబడతాయి. దగ్గరలో గొర్రెలు కాసే కుక్క కంచు విగ్రహం. ఆ మైదానాల్లో కుక్క లేనిదే గొర్రెల పెంపకం సాగేది కాదని 1968లో నిలిపారు.

ఆ ప్రాంతాన్ని 2012లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా గుర్తించారు. వీధి దీపాల వెలుగు పైకి పోకుండా జాగ్రత్త పడతారు. రాత్రి బండి తలుపు తెరచి చూస్తే మన ఊళ్ళో కనబడే వేటగాడి చుక్కలే అక్కడ తలక్రిందులుగా ఉన్నాయి! తండ్రీ కొడుకులు దుప్పటి కప్పుకుని, నాయనమ్మ చేసే బెల్లం బూరెల సంగతి మొదలుకొని అర్ధరాత్రి దాకా మాట్లాడుకున్నారు. నేను మంచం మీద పడుకుని విన్నాను. తరువాత కొత్త కేబుల్ తెప్పించి ఇద్దరూ కలిసి బిగించారు.

కొత్త కారైతే మూడు గంటల్లో చేరేవాళ్ళం, అలాగే మౌనంగా తిరిగి వచ్చేవాళ్ళం. పాఠకులారా, మీ ఇంట్లోనూ ఎవరికైనా చెప్పవలసిన మాట ఒకటి మీ దగ్గర ఆగి ఉంటే, బండి ఆగేదాకా ఉంచకండి.