మడ్‌గార్డు లేని అందం

మడ్‌గార్డు లేని సైకిలు ఎదురైతే నాకు ఒళ్ళు మండుతుంది. అనంతపురంలో అయితే చెల్లుతుందేమో. చేలల్లో నీళ్ళు, కాలవల్లో నీళ్ళు, దారి పొడుగునా నీళ్ళు ఉండే ఈ గోదావరి డెల్టాలో, గట్టు మీద ఒండ్రుమట్టి కాలు పెడితే జారే రోజుల్లో, చక్రం మీద రేకు పీకేసి తిరగడమేమిటి? అది అందమట!

ఆదివారం పొద్దున్నే ధవళేశ్వరం బ్యారేజీ మీదికి వెళ్తే నా బాధ మీకూ తెలుస్తుంది. రాజమండ్రి నుంచి సైకిళ్ళ దండు బయల్దేరుతుంది. కుర్రాళ్ళే కాదు, పొట్ట తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్ళూ, ఆ చెప్పిన డాక్టర్లూ కూడా ఉంటారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని ఆనకట్ట నాలుగు ముక్కలూ దాటేసరికి ఎవరి ఆయాసం వారిది. టీ బడ్డీ దగ్గర బళ్ళు ఆనించగానే మొదలవుతుంది. ఫ్రేము కార్బన్‌ది గొప్పా, స్టీలుది గొప్పా? డిస్కు బ్రేకు ఆయిలుదా, వైరుదా? హ్యాండిల్‌కి చుట్టిన టేపు సీటు రంగుతో కలవాలా, టైరు అంచుతో కలవాలా? మొన్న ఒకాయన లేత గోధుమరంగు అంచున్న టైర్ల గురించి టీ చల్లారేదాకా మాట్లాడాడు. 

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ బాబూ, మడ్‌గార్డేదీ?" అన్నాను. 

"లుక్కు పోద్దండి" అన్నాడు. 

అలా అన్నవాడి వీపు మీద నడుము నుంచి మెడదాకా బురద చార. ఆ లుక్కు మాత్రం ఉండొచ్చు కాబోలు.

వాదించుకోవడాన్ని నేను తప్పు పట్టను. సైకిలు గురించి కొట్టుకోని ఊరు ఈ జిల్లాల్లో ఎప్పుడుంది గనక? తణుకులో, రామచంద్రపురంలో, అమలాపురంలో సైకిలు షాపు ముందు బల్ల మీద రాజకీయాలయ్యాక నడిచేది ఆ గొడవే. శైవులకీ వైష్ణవులకీ తీసిపోకుండా ర్యాలీ వాళ్ళు, హెర్క్యులిస్ వాళ్ళు, హంబర్ వాళ్ళు, బీఎస్ఏ వాళ్ళు అని జట్లు ఉండేవి. ర్యాలీ వాళ్ళ గర్వమంతా చైను చక్రంలో ఉండేది. దాని మధ్యలో మూడు కొంగ తలలు ఇనుములో కోసి ఉంటాయి. కొంగ మనకేం అపురూపం? దమ్ము చేస్తున్న చేలో ఎన్ని కావాలంటే అన్ని. అయినా తొక్కుతుంటే గిర్రున తిరిగే ఆ మూడు కొంగల్నీ చూడ్డానికి పిల్లలం గట్టు పక్కన కూర్చునేవాళ్ళం. హంబర్ వాళ్ళు ముందు ఫోర్కు చూపించేవారు. ఒక్కో పక్క ఒక గొట్టం ఉండాల్సిన చోట రెండేసి సన్న గొట్టాలు. బీఎస్ఏ బిళ్ళ మీద మూడు తుపాకులు. ఆ కంపెనీ పుట్టిందే తుపాకులు చెయ్యడానికి మరి.

తమాషా ఏమిటంటే, ఇక్కడ వీళ్ళు చొక్కాలు పట్టుకుంటున్న కాలంలోనే అక్కడ ఇంగ్లండులో ఆ కంపెనీలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. హంబర్ సైకిళ్ళని ర్యాలీ వాళ్ళు 1932లోనే కొనేశారు. 1957లో బీఎస్ఏ సైకిళ్ళూ వాళ్ళవే అయ్యాయి. హెర్క్యులిస్‌ని 1946లో కొన్న ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వాళ్ళు 1960లో ర్యాలీని కూడా పట్టుకుపోయారు. యజమానులు ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తుంటే, మా బల్ల మీద మాత్రం మాటలు లేవు. ఈ సంగతి ఆ రోజుల్లో ఎవరైనా చెప్పినా నమ్మేవారు కాదు. నమ్మితే సాయంత్రాలు ఎలా గడుస్తాయి?

పోనీ ర్యాలీ వాళ్ళయినా ఒకటిగా ఉన్నారా అంటే అదీ లేదు. నాటింగ్‌హామ్‌లో చేసిన ర్యాలీ వేరు, ఆసన్‌సోల్‌లో చేసిన సేన్-ర్యాలీ వేరు. మా పెదనాన్నగారిది నాటింగ్‌హామ్‌ది. ఆ మాట ఆయన రోజుకొక్కసారైనా అనేవారు. ర్యాలీలో ఇంకో పేచీ ఉంది. హెడ్డు కప్పులకీ, పెడళ్ళ ఇరుసు కప్పులకీ మిగతా ఇంగ్లీషు సైకిళ్ళకి అంగుళానికి 24 మర చుట్లుంటే, ర్యాలీకి 26. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. ఇది తెలియని మేస్త్రీ ఉంటాడా? తెలిసీ చేసినవాడు ఒకడున్నాడు. ఊరు చెప్పను, పేరు చెప్పను. ఓవరాయిలింగ్‌కి ఇచ్చిన పెదనాన్నగారి సైకిలుకి పై కప్పు తీసేసి, ఏదో దుకాణం సరుకు పట్టుకొచ్చి, మర ఎక్కకపోతే సుత్తితో సర్దాడు. నిక్షేపంలాంటి మర అంతా నలిగిపోయింది. అప్పట్నుంచీ హ్యాండిల్ ఎడమకి తిప్పితే కటక్, కుడికి తిప్పితే కటక్ కటక్. వీధి మొదట్లో ఆ చప్పుడు వినగానే మా పెద్దమ్మ అన్నం వడ్డించేది. అసలు కప్పు ఏమైందంటే "పగిలిపోయిందండి" అన్నాడు. నాటింగ్‌హామ్ కప్పు పగలడమా! అది ఏ సైకిలుకి వెళ్ళిందో, ఎంతకి వెళ్ళిందో! ఆ తర్వాత ఏ షాపులో సైకిలు విప్పినా పెదనాన్నగారు కదిలేవారు కాదు. కిరసనాయిలు పళ్ళెంలో వేసిన బాల్సు వేలితో కదిపి లెక్కపెట్టుకుని, అవన్నీ మళ్ళీ గ్రీజులోకి ఎక్కేదాకా బల్ల మీదే కూర్చునేవారు.

ఏదో చెబుతూ ఎటో పోయాను. మడ్‌గార్డు. దాంతోపాటు చైను కవరు. సగం కవరు కాదు, చైనుని నిలువునా మూసేసే పూర్తి కవరు. దాని అవసరం ప్యాంటులకేం తెలుస్తుంది? పంచె కట్టి తొక్కినవాణ్ణి అడగాలి. గ్లాస్గో పంచె, గంజి పెట్టి, చాకలి మడత విప్పి కట్టుకుని పెళ్ళికి బయల్దేరినవాడి కుచ్చెళ్ళు చైను నమిలితే, వాడు పెళ్ళికి వెళ్ళాలా, ఇంటికి రావాలా? అందుకే మా వాళ్ళు సైకిలు కొనేటప్పుడు ముందు ఆ నల్లటి కవరు తట్టి చూసేవారు. వెనక మడ్‌గార్డు చివర తెల్లరంగు, దాని కింద ఎన్టీఆర్ బొమ్మో ఏఎన్నార్ బొమ్మో వేసిన రబ్బరు ముక్క. ఇరుసుల చుట్టూ రంగురంగుల ఉన్ని కుచ్చులు. అవి అలంకారమే కాదు, తిరుగుతూ తిరుగుతూ దుమ్ము తుడుస్తాయి.

ఇప్పుడు ఒంటికి కొలతలు తీసి సైకిలు చేయించుకోవడం గొప్ప అంటున్నారు. మన పాలవాడు చేయించుకోలేదా? క్యాన్లకి అటూ ఇటూ కొక్కేలు, వెనక మంచంకోడంత లావు ఊచలతో క్యారేజీ, రెండు కాళ్ళ స్టాండు. కొబ్బరికాయలు మోసేవాడు డబుల్ బార్ కొని, ముందు ఫోర్కుకి అదనంగా కడ్డీలు వెల్డింగు పెట్టించేవాడు. కాయల గెలలు కట్టాక సైకిలు కనపడదు, మనిషి కనపడడు, బెల్లు ఒక్కటే వినపడుతుంది. ఇక ఈ కుర్రాళ్ళు వేలకి వేలు పోసి తెప్పించుకుంటున్న బ్రూక్స్ తోలు సీటు ఉందే, 1866 నుంచీ ఉన్న కంపెనీది, అది మా పెదనాన్నగారి సైకిలుకి ఉండేది. వానకి తడిసి పాడవకుండా పెద్దమ్మ పాత చీర ముక్కతో తొడుగు కుట్టింది. బ్రేకుల విషయంలో మాత్రం కొత్తవాటికే నా ఓటు. ఆ కడ్డీ బ్రేకులు వానలో పట్టవు. రోడ్డు-రైలు వంతెన దిగి కొవ్వూరు వైపు పల్లంలో వస్తున్నప్పుడు దేవుణ్ణే పట్టుకోవాలి.

అసలు డైనమో సంగతి చెప్పాలి. మా అక్క పెళ్ళిలో బావగారు అలకపాన్పు ఎక్కారు. వాచీ ఇస్తామన్నారు, వద్దన్నారు. సైకిలు కావాలన్నారు. సరే హెర్క్యులిస్ అన్నారు పెదనాన్నగారు. ర్యాలీ అన్నారు బావగారు. ఆకుపచ్చది అన్నారు, పూర్తి చైను కవరు అన్నారు. అన్నిటికీ తలూపాక, పానకం గ్లాసు అందుకోబోతూ, "డైనమో కూడానండి" అన్నారట. అన్నారని పెదనాన్నగారి వైపు వాళ్ళు. ఆ మాట ముందే, లగ్నపత్రిక నాడే అనుకున్నామని బావగారి వైపు వాళ్ళు. సైకిలు వచ్చింది, డైనమో వచ్చింది, దీపం మాత్రం రాలేదు. దీపం లేకుండా డైనమో ఎందుకని ఆయన, దీపం అడగలేదుగా అని ఈయన. మొన్న మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో కూడా, బంతి లేవకముందే, ఆ దీపం ఖరీదు ఎవరిదన్న మాట వచ్చింది.